‘పంజాబీ డ్రెస్’ మనదెలా అయింది? యువత అవసరం, పెద్దల అభ్యంతరం మధ్య దుస్తుల ప్రస్థానం

తెలుగునాట ఒక తరం వారు సల్వార్ కమీజ్‌ను ఇప్పటికీ ‘పంజాబీ డ్రెస్’ అనే పిలుస్తారు. తర్వాతి తరం దానికి ‘చుడీదార్’ అని పేరు పెట్టింది. నిజానికి చుడీదార్ అంటే చీలమండల దగ్గర గాజుల వరుసలా ముడతలు పడే బిగుతైన పైజామా మాత్రమే. తెలుగువారి వాడుకలో అది పైజామా, కమీజు, చున్నీ కలిసిన మొత్తం జతకు పేరైంది. నేటి అమ్మాయిలకు అది కేవలం ‘డ్రెస్’. మొదటి పేరులో అది ఏ ప్రాంతం నుంచి వచ్చిందో ఉంది. చివరి పేరులో ఆ గుర్తు పూర్తిగా చెరిగిపోయింది. ఒక పరాయి వస్త్రం సొంతమైన క్రమం ఈ మూడు మాటల్లోనే కనిపిస్తుంది.

నాలుగైదు దశాబ్దాల క్రితం ఈ దుస్తులతో కళాశాలకు వెళ్లిన అమ్మాయి చిన్న పట్టణాల్లో విమర్శను ఎదుర్కోవలసి వచ్చేది. ఓణీ వేసుకోవలసిన పిల్ల ప్యాంటు తొడిగిందన్న వ్యాఖ్యలు వినిపించేవి. నేడు పరిస్థితి తారుమారైంది. జీన్సు, టీషర్టులు వద్దంటున్న విద్యాసంస్థలు అదే సల్వార్ కమీజ్‌ను ‘సంప్రదాయ వస్త్రధారణ’గా నిర్దేశిస్తున్నాయి. ఒకప్పుడు హద్దు దాటినట్లు కనిపించిన దుస్తులే ఇప్పుడు హద్దుగా మారాయి. ఈ మార్పు ఎలా జరిగిందో పరిశీలిస్తే, సమాజానికీ యువతకూ దుస్తులకూ మధ్య ఉన్న సంబంధం అర్థమవుతుంది.

వయసును చెప్పిన వస్త్రాలు

తెలుగు కుటుంబాల్లో ఆడపిల్ల దుస్తులు చాలాకాలం ఆమె వయసును, వైవాహిక స్థితిని సూచించేవి. చిన్నప్పుడు గౌను, పరికిణీ, పెద్దమనిషి అయ్యాక లంగా ఓణీ, పెళ్లయ్యాక చీర. ఈ మూడు దశల మధ్య ఎడం తక్కువగా ఉండేది. ఓణీ వేసిన కొద్ది సంవత్సరాలకే పెళ్లి జరిగేది కాబట్టి, బాల్యానికీ గృహిణి జీవితానికీ మధ్య ‘యువత’ అనే దశ ఆడపిల్లల విషయంలో దాదాపు లేదు.

చదువు ఆ ఎడాన్ని పెంచింది. 1981 జనాభా లెక్కల్లో దేశంలో స్త్రీల అక్షరాస్యత 29.76 శాతం కాగా, 2011 నాటికి అది సుమారు 65 శాతానికి చేరింది. ఆడపిల్లల కనీస వివాహ వయసును 15 నుంచి 18 ఏళ్లకు పెంచుతూ 1978లో చట్ట సవరణ జరిగింది. చట్టం అన్నిచోట్లా అమలు కాకపోయినా, ఇంటర్మీడియట్, డిగ్రీ, ఆపై ఉద్యోగం అనే మెట్లు ఎక్కే అమ్మాయిల సంఖ్య పెరుగుతూ వచ్చింది. పరికిణీకీ చీరకూ మధ్య ఏడెనిమిదేళ్ల కొత్త జీవితం ఏర్పడింది. ఆ జీవితానికి సరిపోయే దుస్తులు అప్పటి వస్త్రధారణలో లేవు.

ఆ జీవితం ఎక్కువగా ఇంటి బయట గడిచేది కావడం మరో ముఖ్యాంశం. రద్దీ బస్సు ఎక్కి దిగడం, సైకిల్ తొక్కడం, ప్రయోగశాలలో నిలబడి పనిచేయడం, వసతిగృహంలో తన బట్టలు తానే ఉతుక్కోవడం వంటి పనులకు లంగా ఓణీ అనువైనది కాదు. జారే పైట మీద ఒక చేయి, కుచ్చిళ్ల మీద మరో చేయి ఉంచవలసిన అమ్మాయికి పుస్తకాలు పట్టుకోవడమే కష్టమయ్యేది. కాళ్లను స్వేచ్ఛగా కదలనిస్తూనే ఒంటిని పూర్తిగా కప్పే సల్వార్ కమీజ్ ఈ ఇబ్బందికి పరిష్కారం చూపింది. కుటుంబం ముందు చున్నీ ఓణీ స్థానాన్ని భర్తీ చేసింది. కొత్తదనాన్నీ మర్యాదనూ ఒకేసారి నిలబెట్టగలగడమే ఆ దుస్తుల విజయానికి కీలకం.

పంజాబ్ నుంచి దేశమంతటికీ

సల్వార్ కమీజ్ విస్తరణకు రాజకీయ చరిత్ర కూడా తోడ్పడింది. 1947 దేశ విభజన సమయంలో పశ్చిమ పంజాబ్ నుంచి లక్షలాది కుటుంబాలు ఢిల్లీకి, ఉత్తర భారత నగరాలకు తరలివచ్చాయి. ఆ కుటుంబాల స్త్రీలు ఉద్యోగాల్లో, దుకాణాల్లో, విశ్వవిద్యాలయాల్లో అడుగుపెట్టడంతో వారి వస్త్రం రాజధాని వీధుల్లో సర్వసాధారణమైంది. 1963లో మొదలైన కేంద్రీయ విద్యాలయాల్లో పై తరగతుల బాలికలకు సల్వార్ కమీజ్ యూనిఫాం అయింది. బదిలీలపై దేశమంతా తిరిగే ప్రభుత్వోద్యోగుల పిల్లలతో పాటు ఆ యూనిఫాం కూడా దక్షిణాది పట్టణాలకు చేరింది.

సినిమా దానికి ఆకర్షణను జోడించింది. 1965లో విడుదలైన హిందీ చిత్రం ‘వక్త్’లో భానూ అథైయా రూపొందించిన బిగుతైన కుర్తా, చుడీదార్‌లతో నటి సాధన కనిపించాక, ఆ తీరు పట్టణ యువతుల్లో విపరీతమైన ఆదరణ పొందింది. అనంతర కాలంలో ‘గాంధీ’ చిత్రానికి దుస్తులు సమకూర్చి భారత్‌కు తొలి ఆస్కార్ తెచ్చిపెట్టినది కూడా భానూ అథైయాయే.

సరిహద్దు అవతల అదే వస్త్రం వేరే అర్థాన్ని సంతరించుకుంది. పాకిస్తాన్‌లో 1970లలో జుల్ఫికర్ అలీ భుట్టో సల్వార్ కమీజ్‌ను సామాన్య ప్రజల దుస్తులుగా రాజకీయ వేదికల మీదికి తెచ్చారు. తర్వాత సైనిక పాలకుడు జియా ఉల్ హక్ హయాంలో అది ప్రభుత్వోద్యోగులు ధరించవలసిన జాతీయ దుస్తుల హోదా పొందింది. అంటే ఒకే కాలంలో ఆ వస్త్రం అక్కడ అధికారిక ఆదేశంగానూ, తెలుగు పట్టణాల్లో అమ్మాయిల కొత్త ఎంపికగానూ ఉంది. వస్త్రానికి సొంత అర్థం ఉండదని, దానిని ఎవరు, ఎక్కడ, ఎవరి నిర్ణయంతో ధరిస్తున్నారన్నదే అర్థాన్ని ఇస్తుందని ఈ ఉదాహరణ తెలుపుతోంది.

చీరకట్టూ ఒకప్పుడు కొత్తదే

ఇప్పుడు సంప్రదాయానికి ప్రతీకగా భావించే చీరకట్టుకు కూడా ఇటువంటి చరిత్రే ఉంది. లోపల లంగా, పైన రవిక, ముందు కుచ్చిళ్లు, ఎడమ భుజం మీదుగా పైట అనే తీరు దేశమంతటా అనాదిగా ఉన్నది కాదు. తెలుగు ప్రాంతాల్లోనే శ్రామిక స్త్రీలు పొలం పనికి అనువుగా గోచీ పోసి చీర కట్టేవారు. ఇతర ప్రాంతాల్లో మరెన్నో కట్లు ఉండేవి.

పందొమ్మిదో శతాబ్ది బెంగాల్‌లో ఉన్నత కుటుంబాల స్త్రీలు అంతఃపురం దాటి బయటకు రావడం మొదలైనప్పుడు, ఇంట్లో కట్టుకునే పలుచని చీర సభలకు పనికిరాదన్న సమస్య తలెత్తింది. తొలి భారతీయ ఐసీఎస్ అధికారి సత్యేంద్రనాథ్ ఠాగూర్ భార్య జ్ఞానదానందినీ దేవి బొంబాయిలో పార్సీ స్త్రీల కట్టును గమనించి, దానికి మార్పులు చేసి, రవికతోనూ లోపలి లంగాతోనూ ధరించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. బెంగాల్‌లో దానిని మొదట ‘బొంబాయి పద్ధతి’ అన్నారు. బ్రహ్మసమాజ స్త్రీలు స్వీకరించాక అది ‘బ్రాహ్మికా చీర’గా పేరుపొందింది. అక్కడా పరాయి ఊరి పేరుతోనే కొత్త కట్టు ప్రవేశించింది. కాలక్రమంలో ఆ పేరు మరుగున పడింది. ఆ తరహా కట్టు మాత్రం దేశమంతటా సంప్రదాయంగా స్థిరపడింది.

అలంకారం కాదు, హక్కు

దుస్తుల మార్పును సరదా విషయంగా చూసే ధోరణి ఉంది. కాని, ఎవరు ఏమి ధరించాలన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న భారత సామాజిక చరిత్రలో పలుమార్లు ఘర్షణకు దారితీసింది. దక్షిణ తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు ఒంటిపై భాగాన్ని కప్పుకునే హక్కు కోసం పందొమ్మిదో శతాబ్ది మొదటి సగమంతా పోరాడవలసి వచ్చింది. 1859లో మహారాజు ఆ హక్కును ప్రకటన ద్వారా గుర్తించినా, అగ్రకుల స్త్రీల పద్ధతిలో మాత్రం కప్పుకోరాదన్న షరతు విధించారు. బట్ట దక్కినా, సమానత్వం దక్కలేదు.

1927 డిసెంబరులో మహద్ సత్యాగ్రహ సందర్భంగా డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ దళిత స్త్రీలను ఉద్దేశించి మాట్లాడుతూ, కులాన్ని పట్టిచ్చే చీరకట్టును, బరువైన వెండి ఆభరణాలను విడిచిపెట్టాలని, ఇతర కులాల స్త్రీల మాదిరిగానే చీర ధరించాలని పిలుపునిచ్చారు. అంతకు ఆరేళ్ల ముందు, 1921 సెప్టెంబరులో, మధురైలో గాంధీ కొల్లాయి ధరించాలని నిర్ణయించుకున్నారు. ఒకరు పేదలతో ఏకం కావడానికి వస్త్రాన్ని తగ్గించుకున్నారు. మరొకరు, తరతరాలుగా మంచి వస్త్రం నిరాకరణకు గురైన వారిని దానిని హక్కుగా ధరించమన్నారు. అంబేడ్కర్ సూటు, కోటు నేటికీ దళిత యువత ఆత్మగౌరవ చిహ్నంగా నిలిచిందంటే కారణం ఇదే.

ఈ నేపథ్యంలో చూస్తే, గ్రామీణ యువకుడు ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్లద్దాలు, ఖరీదైన బూట్లు ధరించినప్పుడు కొందరికి కలిగే చిరాకు కేవలం అభిరుచికి సంబంధించినది కాదని స్పష్టమవుతుంది. దుస్తులను చూసి కులాన్ని, హోదాను పోల్చుకునే అలవాటు ఉన్న సమాజంలో, ఆ పోలికకు అందకుండా ఉండాలన్న కోరిక కూడా ఫ్యాషన్‌ను నడిపించే బలమైన శక్తి.

జీన్సు వంతు

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత విదేశీ బ్రాండ్లు, ఉపగ్రహ టెలివిజన్, తయారైన దుస్తుల దుకాణాలు దాదాపు ఒకేసారి వచ్చాయి. 1990ల నడుమ ఒక భారతీయ డెనిమ్ సంస్థ, దర్జీ దగ్గర కుట్టించుకోవడానికి వీలుగా జీన్సు బట్టను, జిప్పు, రివెట్లతో సహా తక్కువ ధరకు ఒకే పొట్లంలో అమ్మింది. బ్రాండ్ల ధర భరించలేని చిన్న ఊళ్ల యువకులకూ జీన్సు అందుబాటులోకి వచ్చింది. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక పెరిగిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, రాత్రి షిఫ్టులు, సొంత జీతం తెలుగు యువతుల దుస్తుల ఎంపికను మరింత విస్తృతం చేశాయి. కుర్తీతో జీన్సు వేసుకోవడం, చున్నీ లేకుండానే కుర్తీ ధరించడం ఈ కాలంలోనే మామూలయ్యాయి.

అబ్బాయిల విషయంలో ఈ ప్రయాణం దాదాపు నిశ్శబ్దంగా సాగింది. పంచె నుంచి ప్యాంటుకు, బెల్‌బాటం నుంచి జీన్సుకు మారినప్పుడు పెద్దలు విసుక్కున్నారు తప్ప, సంస్కృతికి ముప్పు వచ్చిందని పెద్దగా ఆందోళన చెందలేదు. పెళ్లి పీటల మీద వెల్‌క్రో అతికించిన ‘రెడీమేడ్ పంచె’తో వరుడు కూర్చున్నా ఎవరూ తప్పుపట్టడం లేదు. అమ్మాయిల దుస్తులు మారిన ప్రతిసారీ మాత్రం కుటుంబ గౌరవం చర్చకు వస్తోంది.

ఇటీవలి ఉదాహరణలు దీనినే నిరూపిస్తున్నాయి. 2018లో పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక గ్రామంలో పగటిపూట నైటీ ధరించి వీధిలోకి వచ్చే స్త్రీలకు రూ. 2,000 జరిమానా అని పెద్దలు తీర్మానించారు. 2019లో హైదరాబాద్‌లోని ఒక మహిళా కళాశాలలో కుర్తీ మోకాళ్ల కిందికి ఉండాలన్న నిబంధనపై విద్యార్థినులు ఆందోళనకు దిగారు. 2021 మార్చిలో నాటి ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి తీరథ్ సింగ్ రావత్ చిరుగుల జీన్సుపై చేసిన వ్యాఖ్యలకు నిరసనగా వేలాది మహిళలు సామాజిక మాధ్యమాల్లో తమ ఫొటోలు పంచుకున్నారు. ఆయన ఆ తర్వాత విచారం వ్యక్తం చేశారు.

హైదరాబాద్ ఘటన ప్రత్యేకంగా గమనించదగినది. అక్కడ వివాదం జీన్సు గురించి కాదు. ఒకప్పటి ‘పంజాబీ డ్రెస్’కు వారసురాలైన కుర్తీ పొడవు గురించి. అంటే కొత్త వస్త్రం అంగీకారం పొందిన తర్వాత, దానిలోనే కొలతలు, హద్దులు పుట్టుకొస్తున్నాయి.

న్యాయస్థానాలు, పాఠశాలలు

రాజ్యాంగపరంగా ఈ విషయంపై కొంత స్పష్టత ఉంది. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులపై ఇచ్చిన నాల్సా తీర్పులో సుప్రీంకోర్టు, వ్యక్తి తన లైంగిక గుర్తింపును దుస్తులు, మాట, ప్రవర్తన ద్వారా వ్యక్తం చేసుకోవడం 19(1)(ఎ) అధికరణం కింద భావప్రకటన స్వేచ్ఛలో భాగమని పేర్కొన్నది. అయితే విద్యాసంస్థల యూనిఫాం విషయంలో ఆ స్వేచ్ఛకు హద్దు ఎక్కడన్నది ఇంకా తేలలేదు. కర్ణాటకలో తరగతి గదుల్లో హిజాబ్‌పై నిషేధాన్ని 2022 మార్చిలో ఆ రాష్ట్ర హైకోర్టు సమర్థించగా, అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులిచ్చారు.

కేరళలో 2021 డిసెంబరులో బాలుశ్శేరిలోని ఒక ప్రభుత్వ పాఠశాల బాలబాలికలకు ఒకే విధమైన ప్యాంటు, చొక్కా యూనిఫాంను ప్రవేశపెట్టింది. కదలికకు సౌకర్యమని పలువురు బాలికలు స్వాగతించగా, కొన్ని సంస్థలు వ్యతిరేకించాయి. మరుసటి ఏడాది, ఇటువంటి యూనిఫాంను ఏ పాఠశాలపైనా రుద్దబోమని ఆ రాష్ట్ర ప్రభుత్వం స్పష్టం చేసింది. ఒకచోట తొలగించాలన్న ఆదేశం, మరోచోట కొత్తగా తొడిగే ప్రయత్నం. రెండు సందర్భాల్లోనూ కేంద్రబిందువు చదువుకునే అమ్మాయే.

మగ్గం మీద ప్రభావం

యువత ఎంపిక మరొకరి జీవనోపాధిని కూడా నిర్ణయిస్తుంది. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 35.22 లక్షల మంది నేతపని, దాని అనుబంధ పనుల మీద ఆధారపడి ఉన్నారు. వారిలో 72 శాతానికి పైగా స్త్రీలు. రోజువారీ చీర పండుగ చీరగా మారినప్పుడు, ఏడాదికి కొనే చీరల సంఖ్య తగ్గుతుంది. ఆ లోటు ముందుగా తగిలేది మగ్గానికే.

కొన్ని కేంద్రాలు మార్పును ముందుగానే గుర్తించాయి. మంగళగిరి నేతగాళ్లు తమ జరీ అంచును చీరకే పరిమితం చేయకుండా ‘డ్రెస్ మెటీరియల్’గా నేశారు. సల్వార్ కమీజ్ వ్యాప్తి వారికి కొత్త గిరాకీని తెచ్చిపెట్టింది. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్ నేడు కుర్తీలు, చొక్కాలు, పరుపు దుప్పట్ల రూపంలోనూ అమ్ముడవుతోంది. పెడన, శ్రీకాళహస్తి కలంకారీ అమ్మాయిల రవికల మీదికి, కుర్తీల మీదికి వచ్చింది. అదే సమయంలో ఈ నమూనాలను యంత్రాల మీద అచ్చువేసిన చౌక వస్త్రాలు మార్కెట్‌ను ముంచెత్తుతున్నాయి. పడుగు పేకలను ముందుగానే రంగుల్లో అద్ది నేసే ఇక్కత్‌కూ, బట్ట మీద అచ్చువేసిన ఇక్కత్ బొమ్మకూ తేడా తెలియని కొనుగోలుదారు తక్కువ ధరకే మొగ్గుచూపుతారు.

చౌకదనానికి మరో మూల్యం కూడా ఉంది. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలోని రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు పాశ్చాత్య దేశాల దుకాణాలకు దుస్తులు కుట్టే యువతులు. ఒక దేశంలో యువత ప్రతి నెలా మార్చే దుస్తులను మరో దేశంలో అదే వయసు యువత కుడుతోందన్న వాస్తవాన్ని ఆ దుర్ఘటన ప్రపంచం ముందుంచింది.

నిబంధన పెట్టేముందు

ఈ మొత్తం చరిత్రలో ఒక క్రమం కనిపిస్తుంది. జీవనవిధానం మారుతుంది, పాత వస్త్రం దానికి ఇరుకవుతుంది, యువత కొత్తదాన్ని ఎంచుకుంటుంది, సినిమా, మార్కెట్ దానిని అందుబాటులోకి తెస్తాయి, పెద్దలు అభ్యంతరం చెబుతారు, చివరికి అంగీకరిస్తారు. ఆ తర్వాత, రాబోయే మరో కొత్తదనాన్ని అడ్డుకోవడానికి దానినే ప్రమాణంగా చూపుతారు. బ్రాహ్మికా చీర విషయంలో అయినా, సల్వార్ కమీజ్ విషయంలో అయినా జరిగినది ఇంచుమించు ఇదే.

ప్రతి కొత్త పోకడా నిలుస్తుందని దీని అర్థం కాదు. ప్రకటనల ఒత్తిడితో వచ్చి ఒక సీజన్‌లోనే మాయమయ్యేవి ఎన్నో ఉన్నాయి. జీవితంలో ఒక నిజమైన అవసరాన్ని తీర్చినవి మాత్రమే నిలిచాయి. అందువల్ల ఒక కళాశాల గానీ, పంచాయతీ గానీ, కుటుంబం గానీ దుస్తులపై నిబంధన పెట్టేముందు తేల్చుకోవలసిన విషయాలు మూడు ఉన్నాయి. తాము సంప్రదాయమని భావిస్తున్నది ఎన్నేళ్ల కిందటిది? ఆ నిబంధన అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానంగా వర్తిస్తుందా? దానివల్ల ఏ ఒక్క అమ్మాయి అయినా చదువుకో, ఉద్యోగానికో దూరమయ్యే ప్రమాదం ఉందా? మూడో ప్రశ్నకు అవునన్న సమాధానం వచ్చినచోట, మొదటి రెండింటికి ఎంత బలమైన సమర్థన ఉన్నా ఆ నిబంధనను పునఃపరిశీలించక తప్పదు. ఎందుకంటే సల్వార్ కమీజ్‌ను తెలుగు ఇళ్లలోకి తెచ్చినది అలంకరణ మీది మోజు కన్నా ముందు, బడికీ పనికీ వెళ్లాలన్న అమ్మాయిల అవసరమే.